రాని సరుకు, పోయిన కూలి: నష్టపరిహారం కోరే విధానం

కాటేదాన్ పారిశ్రామికవాడలో పనిచేసే కార్మికునికి ఒక రోజు సెలవంటే ఒక రోజు కూలి. ప్లాస్టిక్ వస్తువులు, బిస్కెట్లు, మిఠాయిలు, నూనెలు, ఇనుప కడ్డీలు తయారయ్యే ఇక్కడి కర్మాగారాలలో నెలజీతంపై పనిచేసే వారితో పాటు, కాంట్రాక్టరు కింద రోజు లెక్కన పనిచేసే వారు, బీహారు, ఒడిశా తదితర రాష్ట్రాల నుండి వలస వచ్చినవారు పెద్ద సంఖ్యలో ఉన్నారు. భార్యాభర్తలిద్దరూ పనికి వెళ్ళే ఇళ్ళలో పగటిపూట తలుపు తీయడానికి ఎవరూ ఉండరు. అటువంటి ఇంటికి ఫ్రిజ్, కూలరు లేదా వాషింగ్ మెషిన్ వంటి పెద్ద వస్తువు రావలసి ఉన్నప్పుడు ఒకరు పని మానుకొని ఇంటి వద్ద వేచి ఉండక తప్పదు.

2008 సంవత్సరంలో శంషాబాద్ వద్ద రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం ప్రారంభమైన తరువాత ఆ పరిసరాలలో సరుకుల గిడ్డంగులు విస్తరించాయి. అక్కడి నుండి ఆరాంఘర్ చౌరస్తా మీదుగా కాటేదాన్‌కు చేరడం పెద్ద దూరమేమీ కాదు. అయినప్పటికీ ఉదయం పది గంటలకు వస్తుందన్న సరుకు సాయంత్రం దాకా రాకపోవడం, చివరకు ఫోనులో "మా మనిషి వచ్చారు, ఇంట్లో ఎవరూ లేరు" అనే సందేశం రావడం చాలామందికి అనుభవమే. రోజంతా గుమ్మం ముందు కూర్చున్న మనిషికి సరుకు రానందుకు కలిగే బాధకంటె, తాను ఇంట్లో లేనని రాసినందుకు కలిగే బాధే ఎక్కువగా ఉంటుంది.

ఈ విధంగా పోయిన కూలిని అమ్మకందారు నుండి గాని, సరుకు చేరవేసే సంస్థ నుండి గాని రాబట్టుకునే హక్కు వినియోగదారునికి ఉన్నదా? ఉన్నది. అయితే అది దానంతట అదే లభించేది కాదు. ఒకసారి రాకపోతే ఇన్ని రూపాయలు చెల్లించవలెనని నిర్ణయించిన పట్టిక ఏ చట్టంలోనూ లేదు. ఎవరి నష్టాన్ని వారు లెక్కగట్టి, ఋజువులతో అడగవలసి ఉంటుంది.

1986 నాటి చట్టం స్థానంలో వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019, ఆ మరుసటి సంవత్సరం జులై 20 నుండి అమలులోకి వచ్చింది. ఒప్పందం ప్రకారం గాని, మరే విధంగా గాని చేస్తామన్న సేవలో కనిపించే లోపం, కొరత లేక నిర్లక్ష్యం ఈ చట్టం ప్రకారం "సేవా లోపం" అవుతుంది. ఎదుటిపక్షం నిర్లక్ష్యం వలన వినియోగదారుడు నష్టపోయినట్లు తేలితే, పరిహారం చెల్లించవలసిందిగా ఆదేశించే అధికారాన్ని 39వ సెక్షన్ వినియోగదారుల కమిషన్‌కు ఇచ్చింది. పోయిన కూలి కూడా నష్టమే. డెలివరీ ఉచితమని చెప్పినంత మాత్రాన బాధ్యత తొలగిపోదు. వస్తువుకు ధర చెల్లించడం జరిగింది, ఇంటికి చేర్చడం ఆ అమ్మకంలో భాగం.

ఇక్కడ అసలు చిక్కు వేరే ఉన్నది. సరుకు రాకపోవడానికి, కూలి పోవడానికి మధ్య గల సంబంధం ఎంత దగ్గరిది అనే ప్రశ్నకు సమాధానం చెప్పవలసి ఉంటుంది. ఈ ప్రశ్న కొత్తది కాదు. ఇంగ్లండులోని గ్లోస్టర్ పట్టణంలో ఒక పిండిమిల్లు క్రాంక్ షాఫ్ట్ విరిగిపోగా, దానిని నమూనాగా చూపి కొత్తది చేయించడానికి గ్రీనిచ్‌కు పంపించారు. రవాణా సంస్థ ఆలస్యం చేయడంతో మిల్లు మరికొన్ని రోజులు మూతపడింది. ఆ రోజుల లాభాన్ని ఇప్పించవలెనని మిల్లు యజమానులు కోరారు. హ్యాడ్లీ – బాక్సెండేల్ కేసుగా ప్రసిద్ధికెక్కిన ఈ వివాదంలో 1854లో వెలువడిన తీర్పు వారికి అనుకూలంగా రాలేదు. ఆ ఒక్క భాగం లేనందున మిల్లు మొత్తం ఆగి ఉన్నదనే విషయం రవాణాదారుకు తెలియనప్పుడు, ఆ నష్టాన్ని అతనిపై మోపరాదని న్యాయస్థానం భావించింది. ఒప్పందం తప్పినప్పుడు మామూలుగా కలిగే నష్టం, లేదా ఒప్పందం నాడే ఉభయులూ ఊహించగలిగిన నష్టం మాత్రమే రాబట్టుకోవచ్చునని సూత్రీకరించింది.

మన దేశంలో 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 73వ సెక్షన్‌లో ఇదే సూత్రం కలదు. ఆ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణలలో ఒకటి ప్రత్యేకంగా గమనించదగినది. మిల్లు యజమాని ఒక యంత్రాన్ని రవాణాదారుకు అప్పగిస్తూ, అది లేక తన మిల్లు ఆగిపోయి ఉన్నదని ముందుగా చెబుతాడు. రవాణాదారు అకారణంగా ఆలస్యం చేస్తాడు. ఆ కారణంగా యజమానికి రావలసిన ప్రభుత్వ కాంట్రాక్టు ఒకటి చేజారిపోతుంది. మిల్లు ఆగిన రోజులకు సగటు లాభం ఎంతో అంత అతనికి లభిస్తుందనీ, ప్రభుత్వ కాంట్రాక్టు పోయిన నష్టం మాత్రం లభించదనీ ఆ ఉదాహరణ చెబుతున్నది. ఆగిపోయిన మిల్లు సంగతి చెప్పాడు, కాంట్రాక్టు సంగతి చెప్పలేదు. గ్లోస్టర్ మిల్లుకు, ఈ మిల్లుకు ఉన్న తేడా అంతా ఆ ఒక్క మాటలోనే ఉన్నది.

కాటేదాన్ కార్మికునికి కూడా ఇదే వర్తిస్తుంది. సెలవు పెట్టిన తరువాత చెప్పడం కాక, సెలవు పెట్టడానికి ముందే చెప్పవలెను. "మీరు ఫలానా తేదీన పది నుండి రెండు గంటల మధ్య వస్తామన్నారు. ఆ రోజు నేను జీతం లేని సెలవు పెట్టి ఇంటి వద్ద ఉంటాను. రాలేనిపక్షంలో ముందురోజు సాయంత్రంలోగా తెలియజేయండి" అని నాలుగు ముక్కలు దుకాణానికి లేదా సంస్థ కస్టమర్ కేర్‌కు రాతపూర్వకంగా పంపితే చాలును. తెలుగులో పంపినా, హిందీలో పంపినా ఇబ్బంది లేదు. వాట్సాప్ సందేశమైనా, ఈమెయిల్ అయినా పరవాలేదు. ఫోనులో మాట్లాడితే మాత్రం ఫిర్యాదు నంబరు అడిగి రాసుకొనవలెను. ఈ చిన్న పని చేయనందువలననే న్యాయమైన కోరికలు సైతం బలహీనపడుతున్నాయి.

సంస్థ ఇచ్చిన మాట ఏమిటన్నది కూడా ముఖ్యమే. "సోమవారం నుండి గురువారం మధ్యలో అందవచ్చు" అనడం అంచనా మాత్రమే. ఆ నాలుగు రోజులూ పని మానుకొని కూర్చుంటే ఆ నష్టాన్ని సంస్థపై మోపడం కష్టం. అలాగాక ఫలానా రోజు, ఫలానా వేళకు వచ్చి వస్తువును బిగించి వెళ్తామని, ఇంట్లో మనిషి ఉండవలెనని సంస్థే చెప్పిన పక్షంలో అది నిర్దిష్టమైన హామీ అవుతుంది. మనిషి ఉండాలని కోరినవారికి ఆ మనిషి పని మానుకొనవలసి వస్తుందని తెలియదనడం అంత తేలిక కాదు.

దీనిని ఒక లెక్కతో వివరించవచ్చును. నెలకు 26 పనిదినాలకు 15,600 రూపాయల వేతనం పొందే కార్మికుడు ఉన్నాడనుకుందాం. అతని రోజు కూలి 600 రూపాయలు. వాషింగ్ మెషిన్ బిగించడానికి వస్తామని చెప్పిన రోజున అతడు ఎవరికీ ఏమీ చెప్పకుండా సెలవు పెట్టాడు. ఎవరూ రాలేదు. ఆ సాయంత్రమే తన కూలి పోయిందని తెలుపుతూ సందేశం పంపి, మరో తేదీ అడిగి, ఆ రోజు కూడా జీతం లేని సెలవు పెడుతున్నానని స్పష్టం చేశాడు. సంస్థ సరేనన్నది. రెండవసారి కూడా రాలేదు. రెండవ రోజు 600 రూపాయలకు అతని వాదన బలమైనది. మొదటి రోజు 600 రూపాయలు వాదనకు నిలబడేవే గాని, అంత గట్టివి కావు. వేళ చెప్పి ఇంట్లో ఉండమన్న సందేశం చేతిలో ఉంటే అదీ లభించే అవకాశమున్నది.

కూలి పోయినదని నిరూపించడానికి హాజరు పట్టీ నకలు, వేతన చీటీ, లేదా ఆ రోజుకు జీతం కోత పడినట్లు సూపర్‌వైజరు గాని కాంట్రాక్టరు గాని ఇచ్చే చిన్న చీటీ ఉపకరిస్తాయి. గైర్హాజరుకు కోసే మొత్తం గైర్హాజరైన కాలానికి తగిన నిష్పత్తిని మించరాదని వేతనాల చట్టం చెబుతున్నది. పూట సెలవుకు రోజు జీతం కోయడం చెల్లదు గనుక, ఆ అదనపు కోతను సరుకు తేని సంస్థ నుండి అడగడమూ పొసగదు. అది యాజమాన్యంతో తేల్చుకొనవలసిన విషయం. జీతంతో కూడిన సెలవు వాడుకున్నవారికి చేతి నుండి డబ్బు పోకపోయినా, సంపాదించుకున్న సెలవు ఒకటి ఖర్చయింది. ఇరవై రోజుల పనికి ఒక రోజు చొప్పున లభించే ఆ సెలవుకూ విలువ ఉన్నదని వాదించవచ్చును. ఆటో నడిపేవారు, దర్జీలు, తోపుడుబండ్ల వ్యాపారులు తమ సగటు రోజువారీ ఆదాయాన్ని యు.పి.ఐ. చెల్లింపుల వివరాలతో గాని, బ్యాంకు పాసుపుస్తకంతో గాని చూపవచ్చును.

ఇక "ఇంట్లో ఎవరూ లేరు" అన్న నమోదు సంగతి. ఇది సంస్థ వద్ద ఉండే ప్రధాన ఆధారం. దీనిని ఎదుర్కొనే ఆధారాన్ని ఆ రోజే సిద్ధం చేసుకొనవలెను. చెప్పిన వేళ గడిచిన వెంటనే సంస్థకు ఫోను చేసి, సందేశం కూడా పంపవలెను. తప్పుడు నమోదు కనిపించిన క్షణంలోనే, తాను ఇంట్లోనే ఉన్నానని, తన ఫోనుకు ఒక్క కాల్ కూడా రాలేదని రాసి ఫిర్యాదు చేయవలెను. కాల్ వివరాలను, సందేశాలను ఫోనులో నుండి తొలగించరాదు. అపార్టుమెంటు గేటు వద్ద సందర్శకుల పుస్తకం ఉన్నట్లయితే ఆ పేజీ ఫోటో తీసుకొనవచ్చును. పక్కింటివారి మాట కూడా ప్రమాణపత్రం రూపంలో సాక్ష్యమే. వస్తువు చేతికి అందనిదే ఓ.టి.పి. ఎవరికీ చెప్పరాదు. చెప్పినట్లయితే సరుకు అందినట్లుగానే నమోదవుతుంది, ఆ తరువాత వాదన మరింత జటిలమవుతుంది.

నష్టాన్ని తగ్గించుకునే అవకాశం ఉండి కూడా వాడుకోలేదా అన్నది 73వ సెక్షన్ పట్టించుకునే మరొక అంశం. మధ్యాహ్నానికే ఈ రోజు రావడం లేదని సంస్థ తెలియజేసినప్పుడు, రెండవ షిఫ్టుకు వెళ్ళగలిగి కూడా వెళ్ళని కార్మికునికి పూర్తి రోజు కూలి ఇప్పించడానికి కమిషన్ సందేహించవచ్చును.

సంస్థల షరతులను గురించి కూడా తెలుసుకొనవలెను. భారతి నిట్టింగ్ కంపెనీ – డి.హెచ్.ఎల్. వరల్డ్‌వైడ్ ఎక్స్‌ప్రెస్ కొరియర్ కేసులో, జర్మనీకి పంపిన పత్రాలు సకాలంలో అందనందున తమకు కలిగిన నష్టాన్ని ఇప్పించవలెనని ఎగుమతిదారు కోరగా, కొరియర్ రసీదుపై బాధ్యత 100 అమెరికా డాలర్లకు పరిమితమని ఉన్న షరతు సంతకం చేసిన వారిని కట్టివేస్తుందని సుప్రీంకోర్టు 1996లో తీర్పునిచ్చింది. రసీదు వెనుక సన్నని అక్షరాలను చదివే ఓపిక ఎవరికుంటుందన్నది సమంజసమైన ప్రశ్నే. 2019 చట్టం "అన్యాయమైన ఒప్పందం" అనే భావనను కొత్తగా చేర్చి, వినియోగదారునికి తీవ్ర నష్టం కలిగించే షరతులు చెల్లవని ప్రకటించే అధికారాన్ని రాష్ట్ర, జాతీయ కమిషన్లకు ఇచ్చింది. అయితే జిల్లా కమిషన్‌కు ఆ అధికారం లేదు. అందుచేత ఖరీదైన వస్తువు కొనేటప్పుడు ఆలస్యానికి బాధ్యత లేదన్న షరతు ఉన్నదేమో ముందుగా చూసుకొనడం మేలు.

ఆన్‌లైన్ కొనుగోళ్ళకు 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు అదనపు రక్షణ కల్పించాయి. ప్రతి సంస్థ ఫిర్యాదుల పరిష్కార అధికారిని నియమించి, ఆ అధికారి పేరు, వివరాలు ప్రదర్శించవలెను. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలోగా తెలియజేసి, నెలరోజులలోగా పరిష్కరించవలెను. చెప్పిన గడువు దాటి వచ్చిన సరుకును వెనుకకు తీసుకోబోమని గాని, డబ్బు తిరిగి ఇవ్వబోమని గాని అమ్మకందారు అనరాదు. ప్రకృతి వైపరీత్యం వంటి తప్పించుకోలేని కారణాలకు మాత్రం మినహాయింపు కలదు. కూలి నష్టం గురించి ఈ నియమాలలో ప్రస్తావన లేదు. కాని ఈ అధికారికి పంపిన ఫిర్యాదు, దానికి వచ్చిన జవాబు, లేదా జవాబు రాకపోవడం తరువాతి దశలో చక్కని ఆధారాలవుతాయి.

అక్కడ ఫలితం లేనప్పుడు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఉచితంగా ఫోను చేయవచ్చును. తెలుగులో మాట్లాడే సదుపాయం కలదు. హెల్ప్‌లైన్‌కు తీర్పు ఇచ్చే అధికారం లేదు. సంస్థతో మాట్లాడి రాజీ కుదర్చడం దాని పని. ఒకటి రెండు రోజుల కూలి వంటి చిన్న మొత్తాలకు ఇదే అనువైన మార్గం.

అప్పటికీ పరిష్కారం కాకుంటే జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్‌ను ఆశ్రయించవలెను. పాత చట్టం కింద ఎదుటిపక్షం వ్యాపారం చేసే చోట గాని, వివాదం తలెత్తిన చోట గాని మాత్రమే కేసు వేయవలసి ఉండేది. 2019 చట్టం 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు నివసించే లేదా పనిచేసే జిల్లాలోనే కేసు వేయవచ్చును. సంస్థ ప్రధాన కార్యాలయం బెంగుళూరులో ఉన్నా, గురుగ్రామ్‌లో ఉన్నా కాటేదాన్‌వాసి రంగారెడ్డి జిల్లా కమిషన్‌కే వెళ్ళవచ్చును. సొంత ఊరు వేరే రాష్ట్రంలో ఉన్న వలస కార్మికునికి ఇది ముఖ్యమైన వెసులుబాటు. 2021 డిసెంబరు 30 నుండి అమలులో ఉన్న నియమాల ప్రకారం, చెల్లించిన ధర 50 లక్షల రూపాయలకు మించని కేసులు జిల్లా కమిషన్ పరిధిలోకి వస్తాయి. ధర 5 లక్షల రూపాయలలోపు అయితే రుసుము ఏమీ లేదు. ఇంటి సామాన్లన్నీ సాధారణంగా ఈ కోవలోకే వస్తాయి.

అమ్మకందారు, ఆన్‌లైన్ వేదిక, చేరవేసే సంస్థ అనే ముగ్గురిలో తప్పు ఎవరిదో బయటి మనిషికి తెలియదు గనుక ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చడం మంచిది. న్యాయవాదిని పెట్టుకొనడం తప్పనిసరి కాదు. ఫిర్యాదుతో బిల్లు, సందేశాల ప్రతులు, వేతన ఆధారాలు, ప్రమాణపత్రం జతపరచవలెను. 2025 జనవరి 1న ప్రారంభమైన ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుండే కేసు దాఖలు చేయవచ్చును. వీడియో ద్వారా విచారణకు హాజరు కావడానికి అనుమతి కోరవచ్చును. కూలి పోయిందని వేసిన కేసు కోసం మళ్ళీ కూలి పోగొట్టుకొనే పరిస్థితి దీనివలన కొంత తప్పుతుంది. ప్రతివాది తన జవాబును 30 రోజులలోగా, కమిషన్ అనుమతిస్తే మరో 15 రోజులలోగా ఇవ్వవలెను. వస్తువుకు పరీక్షలు అవసరం లేని కేసులను, ప్రతివాదికి నోటీసు అందిన మూడు నెలలలోగా పరిష్కరించవలెనని చట్టం ఉద్దేశం. ఆచరణలో ఇంతకంటె ఎక్కువ కాలం పట్టడం కద్దు.

పారిశ్రామిక కార్మికులకు మరొక సౌకర్యం ఉన్నది. 1987 నాటి న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం ఉచిత న్యాయసహాయానికి అర్హులైనవారి జాబితాలో స్త్రీలు, షెడ్యూల్డు కులాలు, తెగల వారితో పాటు పారిశ్రామిక కార్మికులను కూడా పేర్కొన్నది. కాటేదాన్ కర్మాగారాలలో ఈ సంగతి తెలిసినవారు తక్కువ. ఇందుకోసం 15100 నంబరుకు ఫోను చేయవచ్చును.

ఎంత అడగవలెనన్నది వివేకంతో నిర్ణయించుకొనవలసిన విషయం. పరిహారం అందరికీ ఒకే కొలతగా ఉండరాదని, ప్రతి కేసులోనూ జరిగిన నష్టాన్ని బట్టి ఉండవలెనని ఘజియాబాద్ అభివృద్ధి సంస్థ – బల్బీర్ సింగ్ కేసులో 2004లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మానసిక వేదన కూడా ఆ లెక్కలోకి వస్తుందని అదే తీర్పు చెప్పింది. పై ఉదాహరణలోని కార్మికుడు 1,200 రూపాయల కూలి, ఫోను, రాకపోకల ఖర్చులు, వేదనకు సమంజసమైన కొంత మొత్తం, కేసు ఖర్చులు విడివిడిగా చూపి కోరవచ్చును. 1,200 రూపాయల నష్టానికి 5 లక్షలు కోరితే అసలు నష్టాన్ని కూడా శంకించే ప్రమాదమున్నది.

కొన్ని సందర్భాలు ఈ విధానానికి కొంత భిన్నమైనవి. తపాలా శాఖకు 2024 జూన్ నుండి అమలులో ఉన్న కొత్త పోస్టాఫీసు చట్టం కింద కూడా, నియమాలలో నిర్దేశించిన మేరకు తప్ప బాధ్యత ఉండదు. స్పీడ్ పోస్టు ఆలస్యమైనందుకు కూలి రాబట్టడం అందుచేత దాదాపు అసాధ్యం. గ్యాస్ బండ రాని సందర్భంలో ముందుగా పంపిణీదారుకు, తరువాత చమురు సంస్థల ఉచిత నంబరు 1800-2333-555కు ఫిర్యాదు చేయవలెను.

కాటేదాన్‌లో ఒకటి రెండు యంత్రాలతో స్వయంగా పనిచేసుకునే చిన్న పరిశ్రమదారులు తాము "వినియోగదారులు" కామేమోనని సందేహిస్తుంటారు. వాణిజ్య ప్రయోజనం కోసం కొన్నవారికి ఈ చట్టం వర్తించని మాట నిజమే. అయితే కేవలం జీవనోపాధి కోసం, స్వయం ఉపాధిగా వాడుకొనడానికి కొన్న వస్తువులను చట్టం వాణిజ్య ప్రయోజనం కింద లెక్కించలేదు. తానే నడుపుకునే మోల్డింగ్ యంత్రానికి తెప్పించిన విడిభాగం సమయానికి రాక పని ఆగిపోయిన వ్యక్తి జిల్లా కమిషన్‌ను ఆశ్రయించవచ్చును. ఆర్డరు ఇచ్చే నాడే, ఆ భాగం లేక యంత్రం ఆగి ఉన్నదని రాసి ఉంచినట్లయితే 73వ సెక్షన్‌లోని మిల్లు యజమాని స్థానంలో అతడు నిలుస్తాడు. పెద్ద మిల్లులు మాత్రం సివిల్ కోర్టుకే వెళ్ళవలసి ఉంటుంది.

ఫిర్యాదుకు కారణం ఏర్పడిన తేదీ నుండి రెండు సంవత్సరాలలోగా కేసు దాఖలు చేయవలెనని 69వ సెక్షన్ నిర్దేశించింది. సంస్థతో ఉత్తర ప్రత్యుత్తరాలు సాగుతున్నాయన్న కారణంతో ఈ గడువు దానంతట అదే పెరగదు. ఆలస్యానికి తగిన కారణం చూపితే మన్నించే అధికారం కమిషన్‌కు కలదు. సరుకు రావలసి ఉండి రాని రోజు తేదీని, ఆ రోజు పంపిన మొదటి ఫిర్యాదు నంబరును బిల్లు మీదనే రాసి ఉంచుకొనవలెను.